పని ఇచ్చేవాళ్లే డబ్బు అడుగుతుంటే…

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి, కొర్లగుంట. బీకాం చదివాను. పెళ్లికి ముందు ఆడిటర్ గారి ఆఫీసులో టాలీ, జీఎస్టీ రిటర్నులు చూసేదాన్ని. పాపకు రెండేళ్లు, బయటికెళ్లి చేసే వీలు లేదు. ఒక ఫ్రీలాన్స్ సైట్‌లో ప్రొఫైల్ పెట్టి ప్రపోజల్స్ పంపుతున్నాను గానీ ఒక్కరూ పలకడం లేదు. ఇంతలో ఎవరో టెలిగ్రామ్‌లో పలకరించి, స్కాన్ చేసిన పేజీలు చూసి టైపు చేసే పని ఉందన్నారు. ముందు 4,500 రూపాయలు సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలట, పని అయ్యాక వెనక్కి ఇస్తారట. మా ఆయన వద్దంటున్నారు. ఏం చేయమంటారు? నేను ఈమధ్య అప్లై చేసిన ఒక పని ప్రకటన, దానికి రాసిన ప్రపోజల్ కూడా పంపుతున్నాను.

జవాబు: కట్టొద్దు. మీ ఆయన మాటే కరెక్టు. (ఈ శీర్షికలో భర్తల మాట కరెక్టని నేను రాయడం చాలా అరుదు. కత్తిరించి దాచుకోమనండి.)

ఈ టైపింగ్ పనుల బాగోతం 4,500తో ఆగదు చెల్లెమ్మా. నిద్ర మానుకుని పేజీలన్నీ కొట్టి పంపాక ‘తప్పులు ఎక్కువున్నాయి, అగ్రిమెంటు ఉల్లంఘించారు’ అంటారు. లాయరు నోటీసని వాట్సాప్‌లో ఒక కాగితం పడేసి, కేసు పెడతామని బెదిరించి ఇంకా గుంజుతారు. ఆ నోటీసుకు భయపడి కట్టేవాళ్లలో మీలాంటి చదువుకున్న ఆడపిల్లలూ ఉంటారు, ఇంట్లో తెలిస్తే తిడతారని. మీరు ముందే ఇంట్లో చెప్పారు, సగం ప్రమాదం అక్కడే తప్పింది. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరైనా ఇప్పటికే కట్టి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఆ ఖాతాలోంచి ఇంకో ఖాతాకు మారేలోపు చెబితే ఆపే అవకాశం ఉంటుంది.

అప్‌వర్క్ అనే ఫ్రీలాన్స్ సైట్‌లో అప్లై చేయడానికి కనెక్టులనే టోకెన్లు కొంటారు కదా, అదీ ముందే కట్టే డబ్బే అంటారేమో. ఒక్కో కనెక్టు 15 సెంట్లు. ఆ డబ్బు సైటుకు పోతుంది, పని ఇచ్చేవాళ్ల చేతికి కాదు. క్లయింటు మీ దగ్గర పైసా అడిగినా వాడు క్లయింటు కాదు.

ఇక మీ ప్రపోజల్. ‘రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ ఎ హార్డ్ వర్కింగ్ అండ్ సిన్సియర్ పర్సన్’ అని మొదలెట్టారు. తర్వాత డిగ్రీ మార్కులు, తెలిసిన భాషలు, చివర్లో ‘కైండ్లీ గివ్ మీ వన్ ఛాన్స్’. బ్యాంకు క్లర్కు ఉద్యోగానికి అప్లికేషన్‌లా ఉంది. ప్రకటన ఇచ్చినాయనకు మీ మార్కులతో పనేముంది? షార్జాలో మొబైల్ విడిభాగాల షాపు ఆయనది. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు జోహో బుక్స్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో సరిచూడలేక ప్రకటన ఇచ్చాడు. తలనొప్పి ఆయన ప్రకటనలోనే రాసి ఉంది: కార్డు అమ్మకాలు బ్యాంకులో పడిన డబ్బుతో కలవడం లేదు.

ఇది మీకు కొట్టిన పిండే. కార్డు మెషీన్‌ వాళ్లు కమిషన్ పట్టుకుని మిగతాదే వేస్తారు. వెయ్యి దిర్హాముల బిల్లుకు 980 పడితే ఆ ఇరవై ఎటు పోయిందో ఖాతాలో రాయాలి. పైగా నాలుగైదు బిల్లులు కలిపి ఒకే మొత్తంగా మర్నాడు పడతాయి. ఈ ముక్కే మొదటి రెండు వాక్యాల్లో రాయండి. ‘మీ కార్డు డబ్బు కమిషన్ పోను పడుతుంది కాబట్టి బిల్లులతో నేరుగా కలవదు. ముందు ఒక నెల తీసుకుని, మెషీన్ రిపోర్టు పక్కన పెట్టుకుని, కమిషన్‌ను వేరే ఖర్చు ఖాతాలో చూపిస్తాను. అది మీకు నచ్చితే మిగతా ఐదు నెలలు.’ ఇంతే. ఇంగ్లిషు కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. పని తెలిసిన మనిషని ఆయనకు అర్థమైతే చాలు.

టాలీ ఒక్కటే నమ్ముకోవద్దు. విదేశీ షాపులవాళ్లు జోహో బుక్స్, జీరో (Xero), క్విక్‌బుక్స్ లాంటివి వాడతారు. జీరోలో అలవాటు కోసం ఉత్తుత్తి లెక్కలున్న డెమో కంపెనీ ఉచితంగా ఇస్తారు. పాప పడుకున్నప్పుడు అందులో చేయి తిప్పుకోండి, అదే మీ శాంపిల్. ఇంకో మాట. అమెరికా పనుల వెంట పడి రాత్రిళ్లు మేలుకోవడం మీకిప్పుడు కుదరదు. దుబాయ్, షార్జా మనకన్నా గంటన్నరే వెనక. అక్కడ 2018 నుంచి 5 శాతం వ్యాట్ ఉంది. జీఎస్టీ చూసిన చెయ్యి కాబట్టి ఆ లెక్క మీకు తొందరగా పట్టుబడుతుంది.

డబ్బు వచ్చాక ట్యాక్స్ సంగతి మీ పాత ఆడిటర్ గారినే అడగండి. విదేశీ డబ్బు పడినప్పుడల్లా బ్యాంకు ఇచ్చే కాగితం మాత్రం పారేయకండి.

ప్రశ్న: మాది చిత్తూరు. నేనూ మా ఆవిడా ఊరగాయలు పెట్టి అమ్ముతాం. మూడు రకాలకు లేబుళ్లు కావాలి. ఇదివరకు తెలిసినవాళ్ల ద్వారా ఒకతనికి అడ్వాన్సు ఇస్తే ఫోను ఎత్తడం మానేశాడు. అందుకే ఈసారి అప్‌వర్క్‌లో ఇండోర్ కుర్రాడిని చూశాను. మంచి డిజైన్లున్నాయి. కానీ సైటు కమిషన్ దండగ, నేరుగా ఫోన్‌పే చేయండి, తగ్గించి చేస్తానంటున్నాడు. చేయొచ్చా?

జవాబు: చేయొద్దన్నా. నేరుగా డబ్బిచ్చి ఒకసారి చూశారు కదా! అప్‌వర్క్‌లో ఫిక్స్‌డ్ ధరకు పని ఇస్తే, మీరు కట్టిన డబ్బు అతని చేతికి పోదు, సైటు దగ్గరే ఎస్క్రో అనే ఖాతాలో ఉంటుంది. పని చూసి మీరు ఒప్పుకున్నాకే అతనికి వెళుతుంది. అతనికీ అదే ధైర్యం, డబ్బు ఎటూ పోలేదని. బయట కట్టారంటే ఆ రక్షణ ఇద్దరికీ పోయినట్టే. అక్కడ పరిచయమైన వాళ్లతో రెండేళ్ల దాకా చెల్లింపులు సైటులోనే జరగాలన్నది వాళ్ల నిబంధన కూడా. కమిషన్ ఎక్కువనిపిస్తే ధర దగ్గర బేరమాడుకోండి.

మూడు లేబుళ్లూ ఒకేసారి ఇవ్వకండి. మాగాయ లేబులు ఒక్కటే మొదటి మైలురాయిగా (సైటులో మైల్‌స్టోన్ అంటారు, అంటే విడిగా డబ్బు కట్టే భాగం) పెట్టండి, దానికి డబ్బు ఇవ్వండి. నలుగురి చేత ఉచితంగా శాంపిళ్లు గీయించుకునే అలవాటు కొందరికి ఉంది. అలా చేస్తే పని తెలిసినవాళ్లు దగ్గరికి రారు.

‘మంచి లేబులు కావాలి’ అని వదిలేయకుండా సీసా కొలతలు, ఫోటో పంపండి. లేబుల్ మీద ఉండాల్సినవన్నీ మీరే టైపు చేసి ఇవ్వండి: పదార్థాలు (ఎక్కువ బరువున్నది ముందు), నికర బరువు, పన్నులతో కలిపిన ఎంఆర్‌పీ, తయారీ తేదీ, ఎప్పటిలోపు వాడాలో, మీ చిరునామా, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు, శాకాహారం ఆకుపచ్చ గుర్తు లాంటివి. మార్పులు రెండుసార్లు చేస్తాడా, మూడుసార్లా? అదీ ముందే రాసుకోండి, గొడవలన్నీ అక్కడే.

అసలు తిప్పలు తెలుగు అక్షరాల దగ్గర. ఇండోర్ అబ్బాయికి తెలుగు రాదు. అడోబ్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషల సెట్టింగు మార్చకుండా మీ వాట్సాప్ మెసేజీని పేస్టు చేశాడంటే వత్తులు విడిపోతాయి. ‘పచ్చడి’లో చ వత్తు కిందికి పోకుండా పక్కకొచ్చి ‘పచ్‌చడి’ అని కూర్చుంటుంది. తప్పని అతనికి తెలియదు, అందంగానే ఉందనుకుంటాడు. అందుకని ఒక తెలుగువాళ్ల కంట పడకుండా ప్రెస్సుకు పంపొద్దు. ఒరిజినల్ ఫైలు, అక్షరాలను కర్వ్స్‌గా (బొమ్మలాంటి గీతలుగా) మార్చిన పీడీఎఫ్, చుట్టూ కట్టింగుకు 3 మిల్లీమీటర్ల అదనం, రంగులు సీఎంవైకేలో (ప్రెస్సు వాడే రంగుల పద్ధతి). ఇవన్నీ ముందే అడగండి. ప్రెస్సువాళ్లు మళ్లీ డిజైన్ చేయాలని మీ దగ్గర ఇంకో వెయ్యి అడగకుండా ఉంటారు.

అతను పని అప్పగించాక మీకు 14 రోజుల గడువు. మామిడికాయల హడావుడిలో పడి చూడకుండా వదిలేస్తే డబ్బు దానంతటదే విడుదలైపోతుంది. ఆలోపే ఒక కాపీ ప్రింటు తీయించి, సీసాకు అంటించి, నూనె చేత్తో పట్టుకుని చూడండి. ఏదైనా తేడా ఉంటే ఫోన్‌లో కాకుండా సైటులోనే ‘మార్పులు కావాలి’ అని రాసి పెట్టండి.