అలమేలుకి అర్థం లేదా?

సందేహం: మాది తిరుపతి. మనవరాలికి మా అమ్మ పేరు అలివేలు పెడదామంటే, ఆ పేరుకి అర్థమే లేదని మా కొడుకూ కోడలూ అంటున్నారు. కియారా అంటే 'దేవుడిచ్చిన వరం' అని ఏదో యాప్‌లో ఉందంట, అది పెడతారంట. నిజంగా అంతేనా అర్థం? అసలు అలివేలా, అలమేలా, ఏది కరెక్టు?

సమాధానం: కియారా సంగతి ముందు చెప్పేస్తా. ఇటలీవాళ్ల పేరు అనుకుంటే అది లాటిన్ 'క్లారా' నుంచి వచ్చింది, తేట, వెలుగు అని అర్థం. ఐర్లాండ్ వాళ్లది అనుకుంటే నలుపు. వరం మాత్రం రెండిట్లోనూ లేదు. పిలుపు బాగుందని పెట్టుకుంటే పెట్టుకోండి, కానీ ఆ యాప్‌లు ఏ పేరుకైనా వరం, దేవత, రాకుమారి అని అవే మాటలు తిప్పి తిప్పి రాస్తుంటాయి, వాటిని నిఘంటువులాగా నమ్మి ఇంట్లో ఉన్న పేరుకి అర్థం లేదనడం నాకు కష్టంగా ఉంది. అదీ అలమేలుమంగ గుడి ఉన్న తిరుచానూరు పక్కనే ఉండి!

అలర్ అంటే పువ్వు, మేల్ అంటే మీద, మంగై అంటే స్త్రీ. అలర్‌మేల్‌మంగై, పువ్వు మీద, అంటే తామర మీద ఉండే ఆమె. తమిళం మాట, మన చిత్తూరు వైపు వాళ్లకి ఇది విడమరిచి చెప్పాల్సిన పనే లేదు. తమిళ వైష్ణవ కవి నమ్మాళ్వార్ తన తిరువాయ్‌మొళి పాటల్లో వెంకటేశ్వరుణ్ణి 'అలర్‌మేల్ మంగై ఉఱై మార్బా' అని పిలిచాడు, క్షణం కూడా విడిచి ఉండలేనని ఆమె నీ రొమ్ము మీదే కాపురముంది కదా అని. ఆ పేరు మన నోట్లో పడి రకారం పోయింది, రోజూ పిలిచేటప్పుడు మంగ కూడా పోయింది, చివరికి 'పువ్వు మీద' అన్నంతే మిగిలింది. ఆడమనిషి అన్న మాటే లేని ఆడపిల్ల పేరు, ఎంత బాగుందో చూడండి!

అలరు మనకీ ఉంది, తెలుగులోనూ పువ్వే. తాళ్లపాక అన్నమయ్య (1408–1503) 'అలరులు కురియగ నాడెనదే, అలకల గులుకుల నలమేలుమంగ' అన్నాడు. పూలు రాలుతుంటే, ముంగురులు కులుకుతుంటే ఆమె ఆడుతోంది. అలరుతో ఎత్తుకుని, అలకల మీదుగా అలమేలు దగ్గరికి తెచ్చి ఆపాడు. శబ్దం కోసమే అలా కూర్చాడని కొందరు అనొచ్చు, నేను ఒప్పుకోను, ఆ పేరు లోపల పువ్వుందని ఆయనకి తెలుసు, తెలిసే పూలవాన కురిపించాడు.

తామర, కలువ పేర్లు పిల్లలకి పెట్టుకోవడం మన దగ్గరే కాదు. హైదరాబాద్‌లో నిలోఫర్ ఆసుపత్రి ఉంది కదా, ఆ నిలోఫర్ మన నీలోత్పలమే, పారశీకానికి పోయి అలా మారింది. సుసాన్ హీబ్రూ షోషన్నా, లిల్లీ పువ్వు, దాని మూలం ఈజిప్టు భాషలో తామర అంటారు. వాళ్లెవరూ పాతపేరని సిగ్గుపడలేదు.

ఇక అలివేలా అలమేలా అంటే, మూలానికి దగ్గర అలమేలు. మామయ్యని మావయ్య అన్నట్టే మేలు వేలు అయింది, అది తప్పని నేను అనను. అలివేణితో మాత్రం కలపొద్దు, అది తుమ్మెదల్లాంటి జడ ఉన్నామె, వేరే మాట. నాకైతే అలమేలు అనే రాయాలని ఉంది, కానీ మీ అమ్మ జీవితమంతా అలివేలు అనే సంతకం పెట్టుంటే, మనవరాలికీ అదే ఉంచండి.