చంద్రయాన్ లెక్కలకు మీ ల్యాప్‌టాప్ అక్కర్లేదు

ప్రశ్న: సార్, 'చంద్రయాన్ లెక్కలకు మీ ల్యాప్‌టాప్ అద్దెకివ్వండి, రోజూ డబ్బులు' అని వాట్సాప్‌లో వచ్చిన ఫైల్ వేసుకున్నాను. పైసా రాలేదు. ఏ పనీ చేయకపోయినా ఫ్యాన్ హోరెత్తుతోంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే అంతా మామూలే. నిజంగా అంతరిక్ష లెక్కలేనా?
- బీటెక్ విద్యార్థి, అనంతపురం

జవాబు: కడప, కర్నూలు నుంచి కూడా ఇదే గోడు. అవి అంతరిక్ష లెక్కలు కావు, దాదాపు ఖాయంగా క్రిప్టో మైనర్, అంటే మీ ల్యాప్‌టాప్‌ని, మీ కరెంటుని వాడుకుని ఎవరికో డిజిటల్ నాణేలు సంపాదించిపెట్టే దొంగ ప్రోగ్రామ్. టాస్క్ మేనేజర్ తెరవగానే పడుకుంటుంది, మూయగానే లేస్తుంది.

రాకెట్ చుట్టూ గాలి ఒత్తిడి, వేడి లెక్కగట్టాలంటే ఆ గాలిని కోట్ల గళ్లుగా విడగొట్టాలి. అడుగడుగునా ప్రతి గడీ పక్క గడికి తన విలువలు చెప్పాలి. ఒకటి ఆలస్యమైతే తక్కినవన్నీ నిలబడిపోతాయి. ఈ కబురు మైక్రోసెకన్లలో చేరాలి. మీ వైఫైతో అయ్యే పని కాదు. అందుకే ఇస్రో 2011లో తిరువనంతపురంలో సాగా-220 అనే సూపర్‌కంప్యూటర్ని పెట్టుకుంది: 400 సీపీయూలు, 400 జీపీయూలు (గ్రాఫిక్స్ చిప్‌లు), 220 టెరాఫ్లాప్స్, అంటే సెకనుకు 220 లక్షల కోట్ల లెక్కలు.

ఇళ్లకు పంచగల లెక్కలూ ఉన్నాయి. శెనక్కాయల మూట ఇంటికి తీసుకెళ్లి వొలిచి తెచ్చినట్టు, ఎవరి ముక్క వాళ్లు చేసేయొచ్చు. పల్సర్లను (గిరగిరా తిరిగే మృత తారలను) వెతికే ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ అలాంటిదే. బాయింక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుంది. అందులో వచ్చేది క్రెడిట్లే, రూపాయలు కావు.

ఇక శుభ్రం చేసే పని. విండోస్ సెక్యూరిటీలో 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్', 'మేనేజ్ సెట్టింగ్స్', అట్టడుగున 'ఎక్స్‌క్లూజన్స్', అంటే స్కాన్ ముట్టుకోని చోట్ల జాబితా. అక్కడ సి డ్రైవ్ మొత్తం కనిపిస్తే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మీరు నొక్కిన 'యెస్' పుణ్యమే. ముందు దాన్ని తీసేయండి. తీయకుండా స్కాన్ చేస్తే దొంగ దాక్కున్న గది ఒక్కటి వదిలి ఇల్లంతా వెతికినట్టు. తర్వాత 'స్కాన్ ఆప్షన్స్'లో ఆఫ్‌లైన్ స్కాన్. రీస్టార్టై పావుగంట పడుతుంది. పనుల్ని వాటంతటవే మొదలుపెట్టే టాస్క్ షెడ్యూలర్‌లో ఆ ఫైల్ వేసిన రోజున పుట్టిన పనులున్నాయేమో చూడండి. ఫ్యాన్ అప్పటికీ ఆగకపోతే విండోస్ మళ్లీ వేసుకోవడమే.

నా అసలు భయం కరెంటు బిల్లు కాదు. ఇదే ల్యాప్‌టాప్‌తో కాలేజీ క్లస్టర్‌లోకి (పెద్ద లెక్కలకు కలిపి కట్టిన కంప్యూటర్ల గుంపులోకి) లాగిన్ అవుతారా? 2020 మేలో ఎడిన్‌బరోలోని ఆర్చర్‌తో పాటు యూరప్‌లో పలు సూపర్‌కంప్యూటర్లకు తాళం వేయాల్సొచ్చింది. హ్యాకర్లు దొంగిలించిన ఎస్ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే దారి) లాగిన్లతో దూరారు. మీ ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌హెచ్ కీ (లాగిన్‌కు తాళంచెవి లాంటి ఫైల్) ఉంటే, ఆ పాత కీకి ఇప్పుడు పాస్‌ఫ్రేజ్ (కీని కాపాడే రహస్య వాక్యం) తగిలించి లాభం లేదు, దాని నకలు ఇప్పటికే బయటికి పోయి ఉండొచ్చు. వేరే మెషీన్ నుంచి లాగిన్ అయి, సర్వర్‌లో ఏయే కీలను లోపలికి రానివ్వాలో రాసి ఉండే 'ఆథరైజ్డ్ కీస్' ఫైల్లోంచి పాత కీ వరుస చెరిపి, పాస్‌ఫ్రేజ్‌తో కొత్త కీ చేసుకోండి. ల్యాబ్ అడ్మిన్‌కు ఈరోజే చెప్పండి, తిట్టినా సరే.