40 ట్రిలియన్ కిలోమీటర్లా, 4.25 కాంతి సంవత్సరాలా?

ప్రశ్న: మా పాప తొమ్మిదో క్లాసు. స్కూల్ ప్రాజెక్టు కోసం ప్రాక్సిమా సెంటారీ నక్షత్రం ఎంత దూరమో వెతికితే ఒక చోట 4.25 కాంతి సంవత్సరాలు, ఇంకో చోట 1.3 పార్సెక్‌లు, మరో చోట 2,68,000 ఏయూ, ఇంకెక్కడో 40 ట్రిలియన్ కిలోమీటర్లు అని ఉంది. అన్నీ ఒకటేనా? ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎలా మార్చుకోవాలో అర్థమయ్యేలా చెప్పండి సార్.
– ఒక పాఠకురాలు, కె.ఆర్.పురం, బెంగళూరు

జవాబు: అన్నీ ఒకటేనమ్మా, ఏదీ తప్పు కాదు. ముందు ఆ ట్రిలియన్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే పిల్లలు తడబడేది చాలాసార్లు అక్కడే. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. అంటే ప్రాక్సిమా దూరం 40 లక్షల కోట్ల కిలోమీటర్లు. కాంతి ఏడాదిలో వెళ్లే దూరం 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు, దాన్ని 4.25తో గుణించమనండి, 40 వచ్చేస్తుంది.

ఏయూ అంటే సూర్యుడికీ భూమికీ మధ్య సగటు దూరం, సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. 2012లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య దీన్ని 14,95,97,870.7 కిలోమీటర్లు అని ఫిక్స్ చేసేసింది. ఒక కాంతి సంవత్సరంలో ఇలాంటివి 63,241 ఉంటాయి.

ఇక పార్సెక్. దీన్ని కాంతి సంవత్సరం కంటే కొంచెం పెద్ద కొలత అని బట్టీ పట్టించి వదిలేస్తారు, నాకు అది అస్సలు నచ్చదు, ఎందుకంటే నక్షత్రాల దూరం ఎలా కొలుస్తారో మొత్తం అందులోనే ఉంది. పాపని బాల్కనీలో నిలబెట్టి, చెయ్యి చాచి బొటనవేలు ఎదురింటి వాటర్ ట్యాంకుకి సూటిగా పెట్టమనండి. ఒకసారి ఎడమ కన్ను మూసి, ఇంకోసారి కుడి కన్ను మూసి చూస్తే వేలు అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తుంది, చెయ్యి దగ్గరికి తెచ్చేకొద్దీ ఇంకా ఎక్కువ జరుగుతుంది. జనవరిలో ఒకసారి, భూమి సూర్యుడికి అవతలి వైపుకి చేరాక జులైలో ఒకసారి ఫొటో తీస్తే దగ్గరి నక్షత్రం కూడా దూరపు నక్షత్రాల మధ్య అచ్చం అలాగే జరుగుతుంది. ఆ జరిగిన కోణంలో సగమే పారలాక్స్. సగమే ఎందుకంటే లెక్కలో తీసుకునేది 1 ఏయూ, కక్ష్య మొత్తం వెడల్పు కాదు. ఈ సగం మర్చిపోతే దూరం తప్పు వస్తుంది, ప్రాజెక్టులో బొమ్మ వేసేటప్పుడు జాగ్రత్త.

పారలాక్స్ సరిగ్గా ఒక ఆర్క్‌సెకండ్ ఉంటే, అంటే డిగ్రీలో 3600వ వంతు, ఆ దూరమే ఒక పార్సెక్. అది 2,06,265 ఏయూ, లేదా 3.26 కాంతి సంవత్సరాలు. కాబట్టి ఫార్ములా ఒక్క ముక్క: 1ని పారలాక్స్‌తో భాగిస్తే పార్సెక్‌లు. ప్రాక్సిమాది 0.768 ఆర్క్‌సెకండ్లు, భాగిస్తే 1.30, దాన్ని 3.26తో గుణిస్తే 4.24. మీ 4.25కీ దీనికీ చిన్న తేడా రౌండ్ చేయడం వల్లే, కంగారు పడొద్దు. 1838లో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెస్సెల్ 61 సిగ్ని నక్షత్రానికి ఈ కోణాన్ని కొలిచాడు, ఇప్పటి విలువ 0.286 తీసుకుని దాని దూరం పాపనే కట్టమనండి, 11.4 కాంతి సంవత్సరాలు రావాలి.

ఇంకోటి, ఆన్‌లైన్ కన్వర్టర్ ఇచ్చే పది అంకెలన్నీ చార్టు మీదకి ఎక్కించొద్దు. ఆండ్రోమెడా గెలాక్సీ సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం. ఆ సుమారుని 3.26తో భాగించి 7,66,871 పార్సెక్‌లు అని రాస్తే చివరి యూనిట్ దాకా ఎవరో కొలిచినట్టు ఉంటుంది, 7 లక్షల 70 వేలు అని రాస్తే చాలు.

ప్రశ్న: అన్నీ కాంతి సంవత్సరాల్లోనే చెప్తే గొడవ ఉండదు కదా, ఏయూ ఎందుకు?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: మన బెంగళూరు ఇస్రో వాళ్ల ఆదిత్య-ఎల్1నే తీసుకోండి, భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఏయూలో 0.01, వినగానే సూర్యుడి దాకా ఉన్న దారిలో వందో వంతు అని తెలిసిపోతుంది. కాంతి సంవత్సరాల్లో అయితే 0.00000016, ఆ సున్నాలు ఎవరు లెక్కపెట్టుకుంటారండీ? నెప్ట్యూన్ 30 ఏయూ, కాంతికి నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. నాసా వ్యోమనౌక వాయేజర్-1 ఏడాదికి సుమారు 3.6 ఏయూ పోతోంది, అదే స్పీడుతో 63,241 ఏయూ, అంటే ఒక్క కాంతి సంవత్సరం దాటడానికి దానికి దాదాపు 17,500 ఏళ్లు పడుతుంది.