లివర్ బయాప్సీలో పాంక్రియాస్ కణజాలం ఉందంటే క్యాన్సర్ పాకినట్టేనా?

మీ నాన్నగారి లివర్ బయాప్సీ రిపోర్టులో పాంక్రియాస్ (క్లోమగ్రంథి) కణజాలం కనిపించిందని రాశారు, అంటే పాంక్రియాస్ క్యాన్సర్ లివర్‌కి పాకిందా అని అడిగారు. ఆ ఒక్క మాట మీదే అయితే అలా అనుకోనక్కర్లేదండి. పాకిన క్యాన్సర్ అయితే సాధారణంగా ‘మెటాస్టాసిస్’, ‘కార్సినోమా’ అని రాస్తారు. మామూలు పాంక్రియాస్ చోటు తప్పి ఉంటే ‘హెటిరోటోపిక్’ లేదా ‘ఎక్టోపిక్’ అంటారు. ముందు మీ కాగితంలో ఏ మాట ఉందో చూడండి.

మాది అమలాపురం దగ్గర. మా అత్తయ్యకి కాకినాడలో గాల్ బ్లాడర్ రాళ్ళకి ఆపరేషన్ అయింది. తీసిన గాల్ బ్లాడర్‌ని పరీక్షకి పంపితే, దాని మెడ (నాళంలోకి సన్నబడే చోటు) దగ్గర గోడలో చిన్న పాంక్రియాస్ ముక్క ఉందని వచ్చింది. మా బావ ఆ రిపోర్టు వాట్సాప్‌లో పెట్టాడో లేదో, రావులపాలెం నుంచి రాజోలు దాకా చుట్టాలందరూ డాక్టర్లైపోయారు. ఆ గోల భరించలేక నేరుగా పాథాలజిస్టు మేడమ్ దగ్గరికే వెళ్ళాం. ఆవిడ ఓపిగ్గా మైక్రోస్కోపులో చూపించారు. కణాలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఒక్కో కణం అడుగున ఊదారంగు, లోపలివైపు గులాబీ రేణువులు. పక్కనే సన్నటి నాళం. ఇన్సులిన్ తయారుచేసే కణాల దీవులు మాత్రం లేవు. చోటు తప్పిన పాంక్రియాస్‌ని అందులో ఏ కణాలున్నాయో చూసి రకాలుగా విడగొట్టే 1909 నాటి హైన్రిచ్ వర్గీకరణలో ఇది రెండో రకమట. అత్తయ్యకి దీనికోసం మందులేవీ రాయలేదు.

గర్భంలో పిండం పేగు నుంచే లివర్, గాల్ బ్లాడర్, పాంక్రియాస్ మొగ్గల్లా పక్కపక్కనే పుడతాయి. నారుమడిలో చల్లిన విత్తనాల్లో నాలుగు గట్టు మీద పడి అక్కడే మొలిచినట్టు, కొన్ని కణాలు పక్క అవయవంలో ఉండిపోతాయని ఎక్కువమంది చెప్పే కారణం. లివర్‌లోనైతే పెద్ద పిత్తనాళాల చుట్టూ ఉండే గ్రంథుల్లో కూడా ఇలాంటి కణాలు కనిపిస్తుంటాయి. ఈ సంగతి కొత్తదేం కాదు, 1727లోనే మొదటిసారి రాశారు. ఎక్కువగా కనిపించేది జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగాల్లో. ఆ పిత్తనాళాల గ్రంథుల సంగతి పక్కన పెడితే లివర్‌లో అరుదు. చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ ఉండదు. కాకపోతే అదీ పాంక్రియాసే కాబట్టి వాపు, నీటితిత్తి రావచ్చు, బాగా అరుదుగా క్యాన్సర్ కూడా.

అసలు బయాప్సీ ఎందుకు చేశారో మీరు రాయలేదు. నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. స్కాన్‌లో గడ్డ కనిపించి సూది వేసుంటే, ఈ కణజాలం ఆ గడ్డదేనా, లేక సూది గడ్డకి తగలకుండా పక్క నుంచి ముక్క తెచ్చిందా అని గ్యాస్ట్రో డాక్టర్ని సూటిగా అడగండి. గడ్డకి తగల్లేదంటే, రిపోర్టు బాగున్నా పని అయిపోయినట్టు కాదు. రెండో అభిప్రాయానికి వెళ్తే రిపోర్టు జిరాక్సు ఒక్కటే పట్టుకెళ్ళకండి. స్లైడ్లు, బయాప్సీ ముక్కని దాచిన మైనం బ్లాకులు, స్కాన్ సీడీ కూడా ల్యాబ్‌లో అడిగి తీసుకోండి.