కుక్క బొమ్మని నమ్ముకుని ఎస్ఐపీ ఆపకండి మేడమ్

తెనాలి నుంచి ఒక మేడమ్ రాశారు. వాళ్ల తాతగారికి ఒకప్పుడు రేడియోలు, గ్రామఫోన్ రికార్డులు అమ్మే షాపుండేదట, షాపు మూసేసి ముప్పై ఏళ్లయినా షోకేసులో ఉండే కుక్క బొమ్మ మాత్రం ఇంకా ఇంట్లోనే ఉందట. నిజం కుక్కంత సైజు, తెల్లటి ఒళ్లు, నల్లటి చెవులు, తల ఓ పక్కకి వాల్చి కూర్చుని ఉంటుంది, నాయనమ్మ దసరాకి దానికీ బొట్టు పెట్టేదట. పాత సామాన్లు కొనేవాడొకడొచ్చి 40 వేలిస్తానన్నాడు, నెట్‌లో చూస్తే అలాంటిదే 5 లక్షలకి పెట్టి ఉంది. "అసలు రేటెంత, టాక్స్ పడుతుందా, పాప బీటెక్ ఫీజుకి ఈ డబ్బు ఉందిగా అని మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే ఎస్ఐపీ ఆపేద్దామనుకుంటున్నా, అమ్మేముందు పెయింట్ కూడా వేయిస్తున్నాం, నాన్నగారు, మేనత్త కూడా సరేనన్నారు" అని అడిగారు.

ముందు ఆ పెయింటర్‌కి ఫోన్ చేసి రావద్దని చెప్పండి, మిగతావన్నీ తర్వాత. పాత వస్తువులు కొనేవాళ్లు పాత రంగుకే డబ్బులిస్తారు, పెచ్చులూడినా సరే, కొత్త ఎనామెల్ వేశారంటే మీ చేత్తో మీరే రేటు తగ్గించుకున్నట్టు. తడిగుడ్డ పెట్టి తుడవకండి, నాయనమ్మ గారి బొట్టు కూడా అలాగే ఉండనివ్వండి.

మీరు చెప్పిన పోలికల్ని బట్టి అది నిప్పర్, అదేనండీ హెచ్‌ఎంవి రికార్డు మీద ఉండే కుక్క. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 1884లో పుట్టిన నిజం కుక్క అది, 1895లో పోయింది, పోయాక ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు బొమ్మ వేస్తే గ్రామఫోన్ కంపెనీ 1899లో 100 పౌన్లకి కొంది, 50 బొమ్మకి, 50 కాపీరైట్‌కి. ఆ 50 పౌన్ల కాపీరైట్ మీద వందేళ్లు వ్యాపారం నడిచింది, నా ఇన్నేళ్ల సర్వీసులో ఇంత మంచి ఇన్వెస్ట్‌మెంట్ ఇంకొకటి చూడలేదు.

సరే, మీ బొమ్మని వేలి కణుపుతో మెల్లగా తట్టి చూడండి. అట్టపెట్టెని కొట్టినట్టు డొల్లగా మోగితే కాగితం గుజ్జుతో చేసింది, చల్లగా బరువుగా ఉండి పెచ్చు ఊడినచోట సుద్దలా కనిపిస్తే ప్లాస్టర్, అడుగున లోపలి వైపు పీచు పీచుగా ఉంటే ఫైబర్, ఫైబర్ అయితే తర్వాతి రోజుల్లోది. అమెరికాలో ఇదే కుక్క గుర్తు వాడిన ఆర్‌సీఏ కంపెనీ డీలర్ల కోసం ఓల్డ్ కింగ్ కోల్ అనే కంపెనీ ఈ బొమ్మల్ని కాగితం గుజ్జుతో 3 అడుగుల ఎత్తు దాకా చేసింది, మీరు చూసిన 5 లక్షలది అలాంటిదేమో, ఇండియాలో దొరికిన దానికి అదే రేటు వేసుకోకూడదు. నకిలీలు కూడా బోలెడు, కొత్త పెట్టెకి ఇత్తడి హారన్ తగిలించి కుక్క బిళ్ళ అంటించి పాత గ్రామఫోన్ అని అమ్మేవాళ్లున్న దేశం మనది. అందుకే మీ తాతగారి షాపు ఫొటోలో ఆ కుక్క కనిపిస్తే, పాత డీలర్ బిల్లు పుస్తకం ఏదైనా దొరికితే, బొమ్మ కంటే ముందు వాటిని బీరువాలో పెట్టండి.

ఆ 5 లక్షలు అమ్మేవాడు అడుగుతున్నది, కొన్నవాడు ఇచ్చింది కాదు. ఈబేలో 'సోల్డ్' అని ఫిల్టర్ పెట్టి చూడండి, నిజంగా ఎంతకి పోయాయో కనిపిస్తుంది, తర్వాత ఇద్దరు ముగ్గురు వేలం వాళ్లకి అడుగు భాగం, చెవులు, వీపు ఫొటోలు పంపి అంచనా అడగండి, వాళ్ల కమిషన్ ఎంతో కూడా అప్పుడే అడగండి. ఫారిన్ కొనుగోలుదారు దొరికితే మాత్రం వందేళ్లు నిండిన వస్తువుకి 1972 పురావస్తు చట్టం అడ్డొస్తుంది, మీది అంత పాతది కాకపోయినా పంపేముందు ఆర్కియాలజీ వాళ్ల సర్టిఫికెట్ తీసుకుంటే కస్టమ్స్‌లో ఆగదు.

ఇంకోటి, తాతగారు వీలునామా రాయలేదన్నారు. అలాంటప్పుడు బొమ్మ మీది కాదు మేడమ్, నాన్నగారిదీ మేనత్తగారిదీ. ఆవిడ సరేనన్న మాట కాగితం మీద పెట్టించండి, డబ్బు ఇద్దరి ఖాతాల్లోకీ సగం సగం రానివ్వండి, నాన్నగారు తన వాటా మీకిస్తే దాని మీద మీకు టాక్స్ లేదు. అమ్మకం మీద మాత్రం ఉంటుంది. ఇంట్లో వాడుకునే సామానుకి కాపిటల్ గెయిన్స్, అంటే అమ్మిన లాభం మీద టాక్స్, ఉండదు గానీ శిల్పాలకీ కళాఖండాలకీ ఉంటుంది, ఇది ప్రకటన బొమ్మ కదా అని వాదించొచ్చు, నేనైతే వాదించను, రిటర్న్‌లో చూపించేస్తా. లక్షా 20 వేలకి పోయిందనుకోండి, కొన్న ధర బదులు లెక్కేసే 2001 ఏప్రిల్ 1 నాటి విలువ వాల్యుయర్ 10 వేలని రాశాడనుకోండి, లాభం లక్షా 10 వేలు, 12.5 శాతం అంటే 13,750, సెస్సుతో 14,300, ఇద్దరికీ కలిపి. నాన్నగారికి వేరే ఆదాయం పెద్దగా లేకపోతే టాక్స్ పడని బేసిక్ లిమిట్‌లో సర్దుబాటై అసలేం పడకపోవచ్చు. క్యాష్ అయితే 2 లక్షలూ ఆపైన తీసుకోకూడదు, బ్యాంకులోకే వేయమనండి.

ఇక ఫీజు. ఈ బొమ్మ ఆరు నెలల్లో అమ్ముడుపోవచ్చు, మూడేళ్లకీ పోకపోవచ్చు, కాలేజీ వాళ్లు కుక్క కోసం ఆగరు. ఎస్ఐపీ నడవనివ్వండి, మొదటి ఏడాదికి తక్కువైతే ఎడ్యుకేషన్ లోన్ తీసుకోండి, 4 లక్షల దాకా బ్యాంకులు మామూలుగా తాకట్టు అడగవు, బొమ్మ పోయిన రోజున ఆ డబ్బు లోన్‌కి కట్టేయండి. ఈలోగా ఆ 40 వేలాయన మళ్లీ వస్తే నాన్నగారు ఊళ్లో లేరని చెప్పండి.