బావకు చేతికర్ర కొనే ముందు

అల్లుడూ,

నిన్న ఫోన్‌లో నీకు సగమే చెప్పాను. బస్సులో ఉన్నాను, చుట్టూ గోల. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను, అక్కకు కూడా చదివి వినిపించు.

మోకాళ్ల నొప్పితో బావ నడక తగ్గిపోయిందని, పొద్దున చీకట్లో చెలక దిక్కు పోతే కుక్కలు వెంటపడుతున్నాయని, ఊతానికీ కుక్కలకూ రెండింటికీ పనికొచ్చే గట్టి కర్ర కావాలని అడిగావు. ఆన్‌లైన్‌లో ఇనుప గుండు తల ఉన్న కర్ర ఒకటి చూశానని కూడా అన్నావు. అది కొనకు.

బావ కర్ర మీద బరువు వేసి నడిచే మనిషి. కొట్టడానికి కర్ర పైకెత్తాడంటే ఆ క్షణాన ఆయనకు ఒక కాలు లేనట్టే. కుక్క దగ్గరికి రాకముందే తూలి పడతాడు, అరవై ఎనిమిదేళ్ల వయసులో తుంటి విరిగితే నెలల తరబడి మంచం మీదే. అందుకే ముందు ఊతానికి సరిపోయే కర్ర చూడాలి. అది నిజంగా గట్టిదైతే కుక్కను ఆపడానికి అదే సరిపోతుంది. కొట్టడానికని ఎంచుకున్న కర్ర మాత్రం ఊతానికి ఎప్పటికీ పనికిరాదు. మన నల్గొండ దిక్కు గట్టి కర్ర అనగానే పెద్దవాళ్లకు గుతుప గుర్తొస్తుంది, 1946లో కడవెండిలో దొరల మీద తిరగబడ్డ దొడ్డి కొమరయ్య ప్రాణం పోయిన రోజుల్లో ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు పట్టుకున్నవి గుతుపలు, వడిసెలలే కదా. కానీ గుతుప పొట్టిది, లావుది, బరువంతా కొసన ఉంటుంది. వయసులో ఉన్నవాళ్లు గుంపుగా ఉండి పట్టిన కర్ర అది. నువ్వు చూసిన ఇనుప గుండు కర్ర కూడా ఆ జాతిదే. రోజూ గంటసేపు దాన్ని మోస్తే బావ మణికట్టు నాలుగు రోజులకే నొప్పి పెడుతుంది, ఆ తర్వాత కర్రను తలుపు మూలన పెడతాడు.

నా సంగతి నీకు తెలుసు కదా, నాలుగేళ్ల కింద తుంటి నొప్పి మొదలైనప్పుడు హైదరాబాద్‌లో ఒక మెడికల్ షాపులో మడత పెట్టే అల్యూమినియం కర్ర కొన్నాను. తేలిక, సంచిలో పడుతుంది, బాగుందనుకున్నాను. ఎత్తు పెంచి తగ్గించే ఆ బటన్ రంధ్రంలోకి పూర్తిగా రాకపోతే గొట్టం లోపలికి జారుతుందని షాపులో ఎవరూ చెప్పలేదు. కల్వకుర్తి బస్టాండులో బస్సు దిగుతూ బరువంతా దాని మీద వేశాను, గొట్టం సర్రున కిందికి పోయింది, నేను చేతి మీద పడ్డాను. ఆరు వారాలు కట్టు. అప్పటినుంచి కర్ర విషయంలో ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నేను ఊరుకోను. మడత కర్రలు అసలు వద్దని కాదు. ప్రయాణానికి రెండోది కావాలంటే తీసుకోండి, కానీ ప్రతిసారీ బటన్ టక్కుమని బయటికి వచ్చిందా అని వేలితో తడిమి చూడాలి, కింది బిగింపు రింగు తిప్పి గట్టిగా బిగించాలి, ఎంత బరువు మోస్తుందో దాని మీద రాసి ఉందా అని చూడాలి. కుక్క కోసమైతే అది పనికిరాదు, ఒక్క దెబ్బకు కీలు దగ్గర వంగిపోతుంది.

ఇక కొలత. షాపులో చేతికొచ్చింది కొనే వాళ్లందరూ తప్పు చేసేది ఇక్కడే. బావను రోజూ వేసుకునే చెప్పులతోనే నిలబెట్టు, చేతులు వదులుగా కిందికి వేలాడనియ్యి. మణికట్టు లోపలివైపు మడత గీత ఉంటుంది చూడు, నేల నుంచి అక్కడిదాకా ఎంతో కర్ర అంత ఉండాలి. కర్ర పట్టుకున్నప్పుడు మోచేయి కొద్దిగా వంగి ఉండాలి. లెక్కకు చెప్పాలంటే మనిషి ఎత్తులో సగం, పైన ఒక అర అంగుళం. అయిదున్నర అడుగుల మనిషికి 33 అంగుళాలు దాటి కొంచెం. కానీ బావ విషయంలో ఈ లెక్క నమ్మకు, కొలిచే చూడు. మీ మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం వాళ్లది, నడుము బిగుసుకుపోయి ముందుకు వంగి ఉంటారు, మోకాళ్లు పూర్తిగా చాపలేరు. అలాంటి వాళ్లను "నిటారుగా నిలబడు నాన్నా" అని లాగి కొలవకూడదు. ఆయన ఎలా నిలబడగలడో అలాగే నిలబెట్టి కొలవాలి. కర్ర పొడుగైతే భుజం పైకి లేచి మెడ పట్టేస్తుంది, పొట్టిదైతే నడుము ఇంకా వంగుతుంది.

ఆరడుగుల కర్ర పట్టుకునే కురుమ వాళ్లను చూసి, గొర్లకాడ అది బాగానే ఉంది కదా అంటాడేమో బావ. అది వేరే పని. పొడుగు కర్ర దూరం నడిచేవాడికి, మేకలను మళ్లించేవాడికి, గొంగడి కప్పుకొని దాని మీద ఆనుకొని నిలబడేవాడికి. దాన్ని మధ్యలో పట్టుకుంటారు, అరచేతి బరువు నిలువుగా కిందికి దిగదు. మోకాలి బరువు తగ్గాలంటే పిడి మీద అరచేయి ఆనాలి.

పిడి సంగతి కూడా అందుకే చెప్తున్నాను. వంకీకర్ర అందంగా ఉంటుంది, మోచేతికి తగిలించుకుని డబ్బులు లెక్కపెట్టుకోవచ్చు, కానీ అరచేయి కర్రకు సూటిగా పైన ఉండదు, పక్కకు పోతుంది. రోజంతా బరువు వేసేవాడికి అడ్డపిడి మంచిది, అరచేయంత వెడల్పుండి, నడిమి భాగం కర్రకు నేరుగా పైన కూర్చోవాలి. గుండ్రటి గుబ్బ అసలు వద్దు, బరువంతా అరచేతిలో ఒక్కచోటే పడి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. పట్టుకుంటే వేళ్ల కొసలు బొటనవేలికి దాదాపు తగిలేంత లావు చాలు. పిడి, కర్ర కలిసే చోట మేకు కొట్టి వదిలేసింది తీసుకోవద్దు. వడ్లాయనతో (వడ్రంగితో) కర్ర కొసను చెక్కించి పిడి రంధ్రంలోకి దింపించి, జిగురు వేసి, అడ్డంగా ఒక చీల దింపిస్తే అది కదలదు. కొనే ముందు పిడిని రెండు చేతులతో పట్టి మెలిపెట్టి చూడు, కిర్రుమన్నా వద్దు.

కట్టె గురించి నాకు చెప్పాలని ఉంది, ముప్పై ఏళ్లు నల్లమలలో అటవీ శాఖలో తిరిగినవాణ్ణి. వెదురులో అన్నీ ఒకటి కావు. లోపల గుల్ల ఎక్కువున్న ముళ్ల వెదురు బొంగు తడకలకు, నిచ్చెనలకు. కర్రకు కావాల్సింది సాధనపు వెదురు, లోపల దాదాపు నిండుగా ఉంటుంది, పోలీసుల లాఠీలు పాతకాలంలో ఎక్కువగా దానివే. అందులోనూ బొంగు అడుగు భాగం, కణుపులు దగ్గర దగ్గరగా ఉన్నది చూడాలి. కింది కొస సరిగ్గా కణుపు కింద కోసి ఉండాలి, లేకపోతే రెండు వానలకే చీలుతుంది. వెదురుకు పురుగు పెద్ద శత్రువు. లేత బొంగులో పిండి పదార్థం ఎక్కువ, పురుగు దానికే వస్తుంది. ముదురు బొంగును చలికాలంలో కోసి, కొన్నాళ్లు నీళ్లలో నానేసి, నీడన ఆరబెడితే చాలావరకు తప్పుతుంది. కర్ర మీద సూది మొన అంత రంధ్రాలుండి, తట్టితే తెల్లటి పొడి రాలితే దాన్ని ఇంట్లోకే తేవద్దు, మిగతా సామానుకూ పాకుతుంది. ఇంకో మాట, అడవికి పోయి నరుక్కొస్తానని మీ దోస్తులెవరైనా అంటే ఆపు. 2017లో చట్టం మారి పొలంలో పెంచిన వెదురుకు స్వేచ్ఛ వచ్చింది కానీ అమ్రాబాద్ పులుల అడవిలోది ముట్టుకుంటే కేసే. మేదరి వాళ్ల దగ్గర అడిగితే మంచి బొంగు ఏరి ఇస్తారు.

వెదురు కాకుండా నన్నడిగితే నల్లతుమ్మ చేవ, అంటే మొద్దు నడుమ ఉండే ముదురు రంగు గట్టి కట్టె. బండి చక్రాలకు, నాగళ్లకు మనవాళ్లు తరతరాలుగా వాడింది అదే, దెబ్బ తట్టుకుంటుంది. కాకపోతే సన్నటి కొమ్మ కొట్టి తొక్క తీసి కర్ర అనొద్దు, అందులో తెల్ల కట్టే ఎక్కువ, పురుగు తినేది దాన్నే. లావు మొద్దు నుంచి చేవ చీల్చి చిత్రిక పట్టించాలి. టేకు తేలిక, పురుగు అంతగా రాదు, ఊతానికి చాలా బాగుంటుంది, దెబ్బకు మాత్రం తుమ్మంత ఆగదు. చింత గట్టిదే కానీ బావకు బరువు. జామాయిల్ జోలికి పోవద్దు, ఎండేకొద్దీ మెలి తిరిగి పగులుతుంది. లావు అంగుళం ఉంటే చాలు, బరువు అర కిలో దాటకుండా చూడు.

చేతిలోకి తీసుకున్నాక ఒక కన్ను మూసి, తుపాకీ గురి చూసినట్టు పొడుగునా చూసి మెల్లగా తిప్పు, వంకర వెంటనే తెలుస్తుంది. తర్వాత గీతలు చూడు. పైనుంచి కిందిదాకా కర్ర వెంటే నడవాలి. మధ్యలో పక్కకు దిగిపోయాయంటే విరిగేది అక్కడే, అదీ ఏటవాలుగా మొన తేలి విరుగుతుంది, పడ్డవాడికి గుచ్చుకుంటుంది. గొడ్డలి కామ ఎంచేవాళ్లు చూసేదీ ఇదే. నడిమిట్లో పెద్ద ముడి ఉండొద్దు. రెండు ఇటుకల మీద రెండు కొసలు పెట్టి నడుమ అరచేత్తో బరువు వేసి నొక్కు, కొంచెం వంగి వెంటనే తిరిగి రావాలి, చిటపట వినపడితే అక్కడే వదిలెయ్. బండ మీద కొస తాటిస్తే ఖంగుమనాలి, మొద్దుగా పలికితే లోపల పగులో పురుగో ఉంది.

కింది కొసకు పొన్ను, అంటే లోహపు తొడుగు, వేయించాలా అని అడుగుతావు. ఇనుప పొన్ను మట్టిలో, రాళ్లలో బాగుంటుంది, కొస చీలకుండా కాపాడుతుంది. కానీ మీ ఇంట్లో షాబాదు బండలు, బాత్రూంలో టైల్స్. తడి బండ మీద ఇనుము మంచు మీద జారినట్టు జారుతుంది. పొన్ను మీదికి రబ్బరు బుష్ తొడిగించు, కింద గాడులున్నది, వెడల్పున్నది. కొస లావు కొలిచి దానికి బిగుతుగా పట్టేదే కొను, వదులుగా ఉన్నది బురదలో ఊడి అక్కడే ఉండిపోతుంది. గాడులు అరిగి నున్నగా అయిన రోజు మార్చెయ్యాలి. కర్రకు వందలు పెట్టి బుష్‌కు ముప్పై నలభై రూపాయలు దాచుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది, పడేది ఆ బుష్ దగ్గరే.

బావకు నొప్పి ఎడమ మోకాలిలోనే ఎక్కువ అన్నావు కదా, అయితే కర్ర కుడి చేతిలో ఉండాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, సినిమాల్లో కూడా అలాగే చూపిస్తారు, అది తప్పు. ఎడమ కాలు వేసినప్పుడే కుడి చేతి కర్ర పడాలి, అప్పుడే ఆ కాలి బరువును కర్ర పంచుకుంటుంది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రా నొప్పి కాలూ ముందు. నువ్వు పక్కనుండి పది పదిహేను రోజులు నడిపించు, విసుక్కుంటాడు, అయినా వదలొద్దు. రెండు మోకాళ్లూ సమానంగా పోతే ఒక్క కర్ర చాలదు, డాక్టర్‌కు చూపించి వాకర్ సంగతి అడగండి. మీ ఊళ్లో పేద ముసలివాళ్లు ఉన్నారు కదా, అరవై దాటినవాళ్లకు కేంద్రం వయోశ్రీ పథకం కింద కర్రలు, వాకర్లు ఉచితంగా ఇస్తున్నారు, 2017లో నెల్లూరులో మొదలైంది. క్యాంపు ఎప్పుడుందో కలెక్టరేట్‌లో అడిగి వాళ్లకు చెప్పు.

కుక్కల విషయం బావతో నువ్వే మాట్లాడు. పరుగెత్తొద్దు, ఎలాగూ పరుగెత్తలేడు. గోడకో చెట్టుకో వీపు ఆనించి నిలబడాలి. అప్పుడు ఊతం గోడ ఇస్తుంది కాబట్టి కర్ర చేతికి ఖాళీ అవుతుంది. దాన్ని తలపైకి ఎత్తకుండా, కొస నేలకు జానెడు ఎత్తులో, తనకూ కుక్కకూ మధ్య అడ్డంగా ఉంచాలి. అది కర్రను కొరికితే కొరకనివ్వాలి, కర్రను కొరుకుతున్నంతసేపు కాలు జోలికి రాదు. పొడవొద్దు, తరమొద్దు. అది వెనక్కి తగ్గితే గోడ పట్టుకునే మెల్లగా పక్కకు జరగాలి. పంటి గాటు చిన్నదైనా పడితే పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆస్పత్రికి పోయి టీకా వేయించాలి. పసుపు, సున్నం పెట్టనివ్వొద్దని అక్కకు గట్టిగా చెప్పు. కోతులకైతే కర్ర కనపడితే చాలావరకు చాలు, చేతిలో తినే సంచి లేకుండా చూసుకోవాలి. పాములకైతే, పొలం ఒడ్డు మీద నడిచేటప్పుడు కొసతో నేలను కొడుతూ పోతే అదురుకు తప్పుకుంటాయి, రక్తపింజర మాత్రం కదలకుండా పడి ఉంటుంది, అందుకే చీకట్లో టార్చి తప్పదు.

దొంగల భయమని లోపల కత్తి ఉన్న గుప్తి కర్ర ఎవరో చెప్పారన్నావు. అల్లుడూ, ఆ మాట మళ్లీ ఎత్తకు. ఆయుధాల చట్టంతో చిక్కులొస్తాయి, పైగా బోలు కర్ర ఊతానికి విరుగుతుంది. ఆత్మరక్షణ హక్కు ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది, కానీ అవసరానికి మించి దెబ్బ కొడితే ఆ రక్షణ ఉండదు. ఎవడైనా అడ్డం వస్తే జేబులో ఉన్నది ఇచ్చి గట్టిగా అరవమను. ఆయన చెయ్యి కాలు బాగుంటే డబ్బు మళ్లీ వస్తుంది.

కర్ర పడితే ముసలోడినని ఊరు అంటుందని బావ బెట్టు చేస్తున్నాడని అక్క చెప్పింది. గాంధీ దండికి నడిచిన 1930లో అరవై ఏళ్లవాడు, చేతిలో వెదురు కర్ర ఉంది, ఎవరు ఏమన్నారు? నా మాటగా చెప్పు, కర్ర లేక చెలకకు పోవడం మానేసిన బావను చూడటమే నాకు కష్టంగా ఉంది.

నా దగ్గర అటక మీద రెండేళ్లుగా నీడన ఆరిన తుమ్మ చేవ ముక్క ఒకటి ఉంది, తిన్నగా, ముడి లేకుండా. మన్ననూరులో నాకు తెలిసిన వడ్లాయన ఉన్నాడు, వారంలో చేసిపెడతాడు, అవిసె నూనె నేను పట్టిస్తాను. ఈ ఆదివారం బావను చెప్పులతో నిలబెట్టి మణికట్టు గీతదాకా కొలిచి అంగుళాల్లో రాసి పంపు, అరచేయి వెడల్పు కూడా. ఒక అంగుళం ఎక్కువే పెట్టి చేయిస్తాను, అచ్చంపేటకు తీసుకొస్తే ఆయన నిలబడి చూసుకున్నాకే కింద కోద్దాం.

మీ మామ