ఆరు గీతల రాస్ ఉన్న తొట్టిలో మరో రాస్ బతకాలంటే...

సందేహం: మా పగడాల తొట్టి 120 సెం.మీ. పొడవు, 300 లీటర్లు. ఏడాదిన్నరగా నడుస్తోంది. ఆరు గీతల రాస్ (రాస్ అంటే రంగురంగుల సముద్రపు చేపల కుటుంబం) ఎనిమిది నెలలుగా ఉంది. ఈ మధ్య మగ ఫ్లాషర్ రాస్ వేస్తే రెండో రోజుకే రెక్కలు చినిగాయి. మూడో రోజు తెల్లారేసరికి నేల మీద ఎండిపోయి ఉంది. నాలుగు రోజుల కిందట పసుపు రాస్‌ను వేశాను. గంటలో మాయమైంది, ఇప్పటికీ జాడ లేదు. ఇసుక 2 సెం.మీ. మందం ఉంది. తవ్వి చూడాలా? ఏయే రాస్‌లను కలిపి పెంచుకోవచ్చు?

జవాబు: తవ్వకండి. పసుపు రాస్ (హాలికోరెస్ క్రైసస్) ఇసుకలో పడుకునే జాతి. కొత్త చోటికి రాగానే బెదిరి ఇసుకలో దూరడం దానికి మామూలే. మూడు నాలుగు రోజులు, ఒక్కోసారి వారం కూడా బయటికి రాదు. వచ్చినా వేళకాని వేళ కాసేపు తిరిగి మళ్లీ దూరిపోతుంది, అందుకే మీ కంట పడకపోవచ్చు. తవ్వితే ఒంటి మీది జిగురు పొర చెదిరి, ఉన్న భయం రెట్టింపవుతుంది. చేప చచ్చి కుళ్లితే నీళ్లలో అమ్మోనియా పెరుగుతుంది, కనుక రోజు విడిచి రోజు దాని పరీక్ష చేయండి. సున్నా ఉన్నంత వరకు కంగారు పడనక్కర్లేదు.

అయితే 2 సెం.మీ. ఇసుక దీనికి చాలదు. కనీసం 5 సెం.మీ. ఉండాలి, 7 ఉంటే మంచిది. రేణువు 1 మి.మీ. లోపు ఉండాలి. ముతక పగడపు గులకలో దూరబోతే ఒళ్లు, మూతి గీసుకుని పుండ్లు పడతాయి. తొట్టి అంతా నింపక్కర్లేదు. 20 సెం.మీ. పొడవు, వెడల్పు, 8 సెం.మీ. లోతు ఉన్న డబ్బాలో బాగా కడిగిన సన్న ఇసుక పోసి రాళ్ల వెనక పెడితే చాలు, అదే వెతుక్కుంటుంది.

ఇక ఫ్లాషర్ సంగతి. అది చేప లోపం కాదు, వేసిన వరస తప్పు. ఆరు గీతల రాస్ (సూడోకైలినస్ హెక్సటీనియా) వేలెడంత ఉన్నా, ముందు వచ్చిందంటే తొట్టి మొత్తం తన జాగీరే అనుకుంటుంది. తనలా సన్నగా, పొడుగ్గా ఉన్న చేప కనిపిస్తే వదలదు. ఫ్లాషర్ (పారాకైలినస్) రాస్‌లలోకెల్లా సాధువు, ఎదురు తిరగదు. తరిమితే దానికి తెలిసిన దారి ఒక్కటే, పైకి ఎగరడం. నెమ్మది చేపలు ముందు, గయ్యాళివి చివర అన్న సూత్రం మీ తొట్టిలో తిరగబడింది.

కాబట్టి ముందు ఆరు గీతలదాన్ని తీయాలి. వలతో వెంబడిస్తే రాళ్లన్నీ పీకాల్సి వస్తుంది. పారదర్శకమైన బోను పెట్టి, తలుపు తెరిచే ఉంచి, నాలుగైదు రోజులు మేత అందులోనే వేయండి. అలవాటు పడ్డాక ఒక రోజు మేత ఆపి, మర్నాడు లోపలికి రాగానే తలుపు దించేయండి. దాన్ని ఇంకొకరికి ఇచ్చేయడమే నా సలహా. ఉంచుకోవాలనే పట్టు ఉంటే వేరే తొట్టిలో పెట్టి, మిగతావన్నీ కుదురుకున్నాక అన్నింటికన్నా చివర వదలండి. అప్పుడైనా గుణం మారుతుందని హామీ లేదు.

దానితో పాటే మూత చూసుకోండి. మూత లేని తొట్టిలో రాస్ ఎన్నాళ్లున్నా అది అదృష్టమే. 6 మి.మీ. కన్ను ఉన్న వల బిగించండి. అంతకన్నా పెద్ద కన్నుల్లోంచి చిన్న ఫ్లాషర్ జారిపోగలదు. పైపులు, వైర్లు దిగే సందుల్ని ఎక్కువ మంది మరిచిపోతారు, చేప మాత్రం మరిచిపోదు. లైట్లు ఒక్కసారిగా ఆరినప్పుడూ ఉలిక్కిపడి ఎగురుతాయి. పది ఇరవై నిమిషాల్లో మెల్లగా తగ్గేలా పెట్టండి.

మీ 300 లీటర్లకు నాలుగైదు రాస్‌లు మించొద్దు. పసుపుది ఉంది. దానికి ఒక మగ ఫ్లాషర్, ఒకటి రెండు ఆడవి, ఆఖరున ఒక మగ ఫెయిరీ రాస్ (సిర్రిలాబ్రస్) కలపండి. ఫ్లాషర్లు వేశాక రెండు మూడు వారాలు ఆగి ఫెయిరీని వేయాలి. ఫెయిరీల్లోనూ స్కాట్ ఫెయిరీ లాంటి దుడుకువి ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. ఒకే జాతి మగవి రెండు వద్దు. వేర్వేరు జాతులైనా రంగు, పరిమాణం దగ్గరగా ఉంటే పోట్లాట తప్పదు. రాస్‌లలో చాలావరకు ఆడగా మొదలై తర్వాత మగగా మారతాయి. అందుకే ఆడవి రెండు కొంటే, మగ లేనప్పుడు పెద్దది కొన్ని వారాల్లో మగ రంగు తేలుతుంది. ఇంకో మాట: ఆడ చేపలు గానీ పోటీ మగ గానీ లేకుండా ఒంటరిగా పెంచిన మగ ఫెయిరీ రంగు నెలల్లో వెలిసిపోతుంది.

కొత్తదాన్ని నేరుగా వదలకుండా రంధ్రాలున్న పారదర్శక పెట్టెలో ఉంచి తొట్టిలో వేలాడదీయండి. పాతవి మొదట అద్దం మీదకు దూకుతాయి. రెండు మూడు రోజుల్లో పట్టించుకోవడం మానేస్తాయి, అప్పుడు వదలండి. వారమైనా దూకుతూనే ఉంటే ఆ జత కుదరదని అర్థం.

కొనేటప్పుడు మీ కళ్లముందే మేత తినాలి. పొట్ట లోపలికి పీక్కుపోయి ఉండకూడదు. తోక పైకి లేచి, తల కిందికి వాలి ఈదే ఫెయిరీ రాస్‌ను తీసుకోవద్దు. లోతు నీళ్ల నుంచి త్వరగా పైకి లాగినప్పుడు గాలితిత్తి (చేపను నీళ్లలో తేల్చే లోపలి సంచి) దెబ్బతిన్నవి అలా ఈదుతాయి. తెచ్చాక నాలుగు వారాలు విడి తొట్టిలో ఉంచండి. ఇసుకలో పడుకునేవాటికి అక్కడా ఇసుక డబ్బా ఉండాలి. పరాన్నజీవులకు రాగి మందు వాడేట్టయితే పగడపు ఇసుక వద్దు, అది రాగిని పీల్చేసి మోతాదు తప్పిస్తుంది. సిలికా ఇసుక వాడండి.

రాస్‌లకు నిజమైన జీర్ణాశయం లేదు. తిన్నది నిలవ ఉండదు కనుక రోజుకు ఒకేసారి దండిగా పెడితే చిక్కిపోతాయి. మైసిస్ (రొయ్యలాంటి చిన్న జీవులు), సన్న గుళికలు రెండు మూడు సార్లు, కొద్దికొద్దిగా, రెండు నిమిషాల్లో తినేంత వేయండి. అలా పెడితే నీళ్లలో వ్యర్థాల వల్ల వచ్చే నైట్రేట్ పెరుగుతుంది, నురగతో మలినాల్ని తీసే ప్రొటీన్ స్కిమ్మర్ సరిగ్గా పనిచేయాలి.

పగడాలకు ఇవేవీ హాని చేయవు. చిన్న రొయ్యలు, గొట్టం పురుగులు ఉంటే మాత్రం హాలికోరెస్ జాతులు పెరిగాక వాటిని రుచి చూడొచ్చు. చంద్రవంక తోక ఉండే థలసోమా లునారే 25 సెం.మీ. దాకా పెరిగి రొయ్యల్ని, చిన్న చేపల్ని తింటుంది. కోరిస్ గైమార్డ్ పిల్లప్పుడు ఎర్రగా ముచ్చటగా ఉంటుంది, పెద్దయ్యాక రాళ్లే తిరగేస్తుంది. చిరుత మచ్చల రాస్ (మాక్రోఫారింగోడాన్) మంచిదే గానీ, తొట్టిలో సహజంగా పుట్టే సూక్ష్మ రొయ్య పురుగులు పుష్కలంగా లేకపోతే ఆకలితో పోతుంది. పసుపుది రోజూ వేళకు తినడం మొదలుపెట్టే దాకా మీరు ఏదీ కొనొద్దు.